నియమం పెట్టినవారికీ అదే దారి

ఇశ్రాయేలీయుల మొదటి రాజు సౌలు తన రాజ్యంలో ఒక కఠినమైన ఆజ్ఞను అమలు చేశాడు. కర్ణపిశాచి గలవారు, సోదె చెప్పేవారు దేశంలో ఉండకూడదని వారిని వెళ్లగొట్టాడు. కొంతకాలానికి ఫిలిష్తీయుల సైన్యం ఎదురుగా వచ్చి దిగింది. రాజుకు గుండె అదిరింది. అప్పుడు ఆయన ఏం చేశాడు? రాజవస్త్రాలు తీసి వేరే బట్టలు వేసుకొని, ఇద్దరు మనుషులను వెంటబెట్టుకొని, రాత్రివేళ ఏన్దోరుకు ప్రయాణమయ్యాడు. ఏ గడప తొక్కరాదని ప్రజలకు చెప్పాడో ఆ గడపే తొక్కాడు. ఆ ఇంటి స్త్రీ ఆయనను గుర్తుపట్టలేదు. సౌలు ఏం చేశాడో నీకు తెలియదా, నన్నెందుకు చావుకు అప్పగించాలని చూస్తున్నావని ఆమె అడిగింది. రాజాజ్ఞ ఏమిటో రాజుకే ఒక సామాన్య స్త్రీ గుర్తుచేయవలసి వచ్చింది. మొదటి సమూయేలు గ్రంథం 28వ అధ్యాయంలో ఈ సంగతి ఉంది.

ఈ అధ్యాయం చదివినప్పుడల్లా మాకు కరోనా కాలం గుర్తుకు వస్తుంది. ఇంట్లోనే ఉండమని ప్రజలకు చెప్పిన నాయకుల్లో కొందరు తామే గడప దాటారన్న ఆరోపణలు మన తెలుగు రాష్ట్రాల్లోనూ వినిపించాయి, సముద్రాల అవతలా వినిపించాయి. ఆ గొడవలు సద్దుమణిగి ఏళ్లు గడిచాయి కదా, మళ్లీ తవ్వడం ఎందుకని ఎవరైనా అడగవచ్చు. ఆనాడు నియమం పాటించి నష్టపోయినవారు ఇంకా మన మధ్య ఉన్నారు. అలాంటి నియమాలు మళ్లీ ఎప్పుడైనా రావచ్చు. అందుకే ఈ నాలుగు మాటలు.

ఆ రోజులు ఒకసారి నెమరు వేసుకుందాం. 2020 మార్చి 22 ఆదివారం జనతా కర్ఫ్యూ. ఆ వెంటనే తెలంగాణలో లాక్‌డౌన్ మొదలైంది. మార్చి 25 నుంచి దేశమంతా మూతపడింది. రాత్రి 7 గంటల నుంచి ఉదయం 6 గంటల దాకా కర్ఫ్యూ. సరుకులు తెచ్చుకోవడానికైనా ఇంటికి 3 కిలోమీటర్లు దాటి వెళ్లకూడదని పోలీసులు చెప్పారు. మా తార్నాకవాసులకు దాని అర్థం ఏమిటంటే, ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆర్ట్స్ కాలేజీ దాకా వెళ్లి రావచ్చు, సికింద్రాబాద్‌లో ఉన్న అక్క ఇంటికి మాత్రం వెళ్లకూడదు. తార్నాక మెట్రో స్టేషన్ మార్చిలో మూతపడి సెప్టెంబరులో గాని తెరుచుకోలేదు. ఆ దగ్గరలోని సీసీఎంబీలో శాస్త్రవేత్తలు, సిబ్బంది కరోనా పరీక్షల పనిలో దిగారు. మిగిలినవాళ్లం తలుపులు వేసుకొని కూర్చున్నాం. ఏప్రిల్ 10 శుభ శుక్రవారం, 12 ఈస్టరు ఆదివారం. ఏ సంఘంలోనూ ఆరాధనకు తలుపు తెరవలేదు. జూన్ 8న గాని మందిరాలు తెరవడానికి అనుమతి రాలేదు. అంత్యక్రియలకు 20 మందికి మించరాదన్నారు. పదిమంది బిడ్డలను, మనుమలను పెంచిన పెద్దావిడను సమాధి చేయడానికి ఆ లెక్కలో ఎవరిని పిలవాలి, ఎవరిని ఆపాలి? సంఘ కాపరులు, కుటుంబాల పెద్దలు ఆ లెక్క వేసుకున్నారు. వేసుకొని నియమం పాటించారు.

విద్యార్థుల సంగతి మరీ కష్టం. ఉస్మానియా, ఇఫ్లూ విద్యార్థులతో, పోటీ పరీక్షలకు చదివే పిల్లలతో తార్నాక, విద్యానగర్, నల్లకుంట వీధులు ఎప్పుడూ నిండి ఉంటాయి. ఆ మార్చి నెల మధ్యలోనే విద్యాసంస్థలు మూతపడ్డాయి. నగరంలో ప్రైవేటు హాస్టళ్లు కూడా ఖాళీ చేయమనడంతో, మార్చి 25న పిల్లలు, చిన్న ఉద్యోగులు పోలీస్ స్టేషన్ల ముందు బారులు తీరి, ఊరికి వెళ్లడానికి అనుమతి పత్రాలు తీసుకున్నారు. ఆ కాగితం పట్టుకొని విజయవాడ రహదారి మీద బయలుదేరితే, ఆంధ్రప్రదేశ్ సరిహద్దులో గరికపాడు చెక్‌పోస్టు దగ్గర ఆపేశారు. ఇటు ప్రభుత్వం ఇచ్చిన పత్రం అటు ప్రభుత్వానికి చెల్లలేదు. వేలమంది అక్కడే రోడ్డు మీద ఆ రాత్రి గడిపారు. క్వారంటైన్‌కు ఒప్పుకోండి, లేదా వెనక్కి పొండి అన్నారు. గుంటూరు వైపు పొందుగుల దగ్గర మరుసటి రోజు ఘర్షణ దాకా వెళ్లింది.

ఇంకా ఘోరం కూడా జరిగింది. తెలంగాణ మిరప చేలల్లో కూలికి వచ్చిన 12 ఏళ్ల ఛత్తీస్‌గఢ్ బాలిక, బండ్లు లేక, తోటి కూలీలతో కలిసి అడవి దారిన నడిచి, తన ఇల్లు ఇక చేరువలో ఉందనగా 2020 ఏప్రిల్ 18న ప్రాణం విడిచింది. ప్రయాణం మీద నిషేధం అనే మాట వెనుక ఉన్న అసలు బరువు అది.

ఇప్పుడు నాయకుల వైపు చూద్దాం. ఎవరి పక్షమూ వహించకుండా చూద్దాం. 2020 మార్చిలో, లాక్‌డౌన్‌కు కొద్ది రోజుల ముందు, సిర్పూరు ఎమ్మెల్యే కోనేరు కోనప్ప అమెరికా నుంచి తిరిగి వచ్చారు. విదేశాల నుంచి వచ్చినవారు ఇంట్లోనే విడిగా ఉండాలని ఆయన పార్టీ ప్రభుత్వమే చెబుతున్న సమయంలో, ఆయన రైలులో తన నియోజకవర్గానికి వెళ్లి నలుగురి మధ్య తిరిగారని విమర్శలు వచ్చాయి. ఆంధ్రప్రదేశ్‌లో ఏప్రిల్ నెలలో శ్రీకాళహస్తి ఎమ్మెల్యే బియ్యపు మధుసూదన్ రెడ్డి సరుకుల పంపిణీ పేరుతో ట్రాక్టర్ల ఊరేగింపు జరిపారని, పుత్తూరులో బోరు ప్రారంభానికి వెళ్లిన ఎమ్మెల్యే రోజాకు దారి పొడవునా పూలు చల్లారని దుమారం రేగింది. ఇలాంటి సంఘటనలు హైకోర్టు దాకా వెళ్లాయి. ఏప్రిల్ 11న కొత్త ఎన్నికల కమిషనర్ జస్టిస్ కనగరాజ్ చెన్నై నుంచి విజయవాడకు వచ్చి బాధ్యతలు తీసుకున్నప్పుడు, రాష్ట్రాల సరిహద్దు ఆయనకు ఎలా తెరుచుకుందని ప్రతిపక్షం నిలదీసింది. మే 25న ప్రతిపక్ష నాయకుడు చంద్రబాబు నాయుడు రెండు నెలలు హైదరాబాద్‌లో ఉండి, అనుమతి తీసుకొని అదే విజయవాడ రహదారి మీద ఆంధ్రకు వెళ్లారు. దారిలో కార్యకర్తలు గుంపులుగా చేరారని, దూరం పాటించలేదని ఈసారి అధికార పక్షం నిలదీసింది. తెలంగాణలో 2021 ఏప్రిల్ 14న ముఖ్యమంత్రి కేసీఆర్ నాగార్జునసాగర్ ఉప ఎన్నిక కోసం హాలియాలో బహిరంగ సభ జరిపారు. 19వ తేదీన ఆయనకే కరోనా వచ్చిందని తేలింది. 20వ తేదీ నుంచి రాష్ట్రంలో రాత్రి కర్ఫ్యూ పెట్టారు.

వీటన్నిటినీ ఒకే గాటన కట్టడం న్యాయం కాదు. అనుమతి తీసుకొని వెళ్లడం వేరు, తీసుకోకుండా వెళ్లడం వేరు. ఆరోపణ వేరు, తీర్పు వేరు. ఆ నాయకులకు తమ తమ సమాధానాలు ఉన్నాయి. కానీ ఒక విషయం గమనించారా? ఒక పార్టీవారు తమ నాయకుడి ప్రయాణాన్ని అత్యవసరం అన్నారు, ఎదుటి పార్టీ నాయకుడి ప్రయాణాన్ని నేరం అన్నారు. నెల తిరిగేసరికి రెండు పార్టీలూ మాటలు మార్చుకున్నాయి. ఇందులో గరికపాడు దగ్గర రోడ్డు మీద పడుకున్న పిల్లవాడు ఎక్కడా లేడు. వాడికి ఏ పార్టీ తరఫునా సమాధానం రాలేదు.

విదేశాల్లోనూ ఇదే కథ. న్యూజిలాండ్ ఆరోగ్య మంత్రి డేవిడ్ క్లార్క్, దేశమంతా ఇంట్లో ఉన్నప్పుడు కుటుంబాన్ని తీసుకొని 20 కిలోమీటర్ల దూరంలోని సముద్రతీరానికి వెళ్లారు. ఆ సంగతి తనే ప్రధానికి చెప్పి రాజీనామాకు సిద్ధపడ్డారు. ప్రధాని ఆయనను మంత్రివర్గంలో చివరి స్థానానికి దించారు. జూలైలో ఆయన పదవి వదిలారు. కెనడాలో ఒంటారియో రాష్ట్ర ఆర్థిక మంత్రి రాడ్ ఫిలిప్స్ 2020 డిసెంబరులో కరీబియన్ ద్వీపానికి విహారానికి వెళ్లారు. క్రిస్మస్‌కు ముందురోజు ఆయన పేరుతో ఒక వీడియో వచ్చింది. ఇంట్లో మంట పక్కన కూర్చొని, ప్రజల త్యాగాలకు కృతజ్ఞతలు చెబుతున్నట్టుగా ఉంది. అది ముందే తీసి ఉంచిన వీడియో. డిసెంబరు 31న ఆయన రాజీనామా చేశారు. యేసు ప్రభువు జన్మదినాన్ని అడ్డం పెట్టుకొని చేసిన ఆ పని మారువేషం కాక మరేమిటి?

ఇంగ్లండ్ ప్రధానికి ముఖ్య సలహాదారు డొమినిక్ కమ్మింగ్స్ సంగతి ప్రపంచమంతా చెప్పుకుంది. కరోనా లక్షణాలు ఉన్న ఇంటివారు కదలకూడదని నియమం ఉండగా, ఆయన భార్యతో, నాలుగేళ్ల కొడుకుతో లండన్ నుంచి డరమ్‌కు సుమారు 420 కిలోమీటర్లు కారులో వెళ్లారు. తామిద్దరికీ జబ్బు చేస్తే పిల్లవాడిని ఎవరు చూస్తారన్నది ఆయన చెప్పిన కారణం. ఆ తర్వాత ఏప్రిల్ 12న, మన మందిరాలన్నీ మూసి ఉన్న ఆ ఈస్టరు ఆదివారమే, బార్నార్డ్ కాజిల్ అనే ఊరికి కారు నడిపారు. తన చూపు సరిగా ఉందో లేదో పరీక్షించుకోవడానికని చెప్పారు. అది స్వల్ప ఉల్లంఘన కావచ్చని పోలీసులు తేల్చి, చర్య ఏమీ లేకుండా వదిలేశారు. కానీ ప్రజలు వదలలేదు. లండన్ యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు లాన్సెట్ పత్రికలో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, ఈ వార్త బయటపడ్డాక ఇంగ్లండ్‌లో ప్రభుత్వం మీద నమ్మకం స్పష్టంగా పడిపోయింది. పక్కనే ఉన్న స్కాట్లాండ్, వేల్స్‌లో తమ ప్రభుత్వాల మీద నమ్మకం అలా పడిపోలేదు.

బిడ్డ కోసం ప్రయాణం తప్పా? కాదు. అదే ఏప్రిల్‌లో నిజామాబాద్ జిల్లాకు చెందిన ఒక తల్లి, నెల్లూరు వైపు చిక్కుకుపోయిన కొడుకు కోసం స్కూటర్ మీద బయలుదేరింది. పోనూ రానూ సుమారు 1,400 కిలోమీటర్లు. దారిలో ఎన్నో చోట్ల ఆపారు. ఆపిన ప్రతిచోటా ఆమె పోలీసు అధికారి ఇచ్చిన లేఖ చూపించింది. కొడుకును వెనక కూర్చోబెట్టుకొని ఇంటికి తెచ్చుకుంది. కమ్మింగ్స్‌దీ బిడ్డ మీద ప్రేమే, ఈ తల్లిదీ బిడ్డ మీద ప్రేమే. తేడా ఎక్కడుంది? ఆమె ముందుగా అడిగింది. నియమానికి తాను లోబడిన మనిషినని ఒప్పుకొని, తన అవసరాన్ని అధికారి ముందు పెట్టింది. ఆయన నియమం చేసిన గదిలో కూర్చున్న మనిషి. అడగవలసిన అవసరం ఉందని ఆయనకు తోచలేదు.

మేము చెప్పదలచింది ఇదే. నియమానికి మినహాయింపు ఉండటం పాపం కాదు. విశ్రాంతి దినాన ఎద్దు గోతిలో పడితే పైకి తీయరా అని ప్రభువే అడిగాడు. నిజానికి కరోనా కాలంలో మినహాయింపు దొరకవలసినవారికి దొరకలేదు. 2021 మేలో ఆంధ్ర నుంచి హైదరాబాద్ ఆసుపత్రులకు వస్తున్న అంబులెన్సులను తెలంగాణ సరిహద్దులో ఆపారు. మే 14న హైకోర్టు కలుగజేసుకొని ఆ ఉత్తర్వును నిలిపివేసేదాకా రోగులు రోడ్డు మీద ఎదురుచూశారు. ఊపిరి అందని రోగికి దొరకని వెసులుబాటు, సభలకు, ఊరేగింపులకు, స్వాగతాలకు దొరికింది. ప్రజల మనసు విరిగింది అక్కడ.

మత్తయి సువార్త 23వ అధ్యాయంలో యేసు ప్రభువు శాస్త్రులను, పరిసయ్యులను మందలించింది ఈ విషయంలోనే. వారు మోయలేని బరువులు కట్టి మనుషుల భుజాల మీద పెడతారు, తాము మాత్రం వేలితోనైనా కదపరు అన్నది ఆయన ఆరోపణ. మరి రాజు ఎలా ఉండాలి? ద్వితీయోపదేశకాండము 17వ అధ్యాయం ఒక చక్కని ఏర్పాటు చెబుతుంది. రాజు సింహాసనం ఎక్కాక ధర్మశాస్త్రం ప్రతి ఒకటి తన కోసం రాసుకోవాలి. దాన్ని బతికినన్ని రోజులూ చదువుతూ ఉండాలి. తన సహోదరుల కంటే తాను గొప్పవాడినని అతని హృదయం గర్వించకూడదు. రాసుకున్న ప్రతి మాటా మొదట తనకే వర్తిస్తుందని రాజుకు తెలియాలి. ఇప్పటి ఉత్తర్వులను అధికారులు రాస్తారు, మంత్రులు సంతకం పెడతారు. సంతకం పెట్టే ముందు ఒక్కసారి చదివి, రేపు ఉదయం నేను దీని ప్రకారం ఎలా బతుకుతానని ఆలోచిస్తే చాలు, సగం చిక్కులు అక్కడే తీరతాయి.

అలా బతికినవారు లేకపోలేదు. యెరూషలేము గోడ కట్టించిన నెహెమ్యా 12 సంవత్సరాలు అధిపతిగా ఉండి, అధిపతికి రావలసిన భోజన భత్యం తీసుకోలేదు. ప్రజల మీద బరువు ఇప్పటికే ఎక్కువగా ఉందన్నది ఆయన కారణం. ఊరియా యుద్ధభూమి నుంచి వచ్చి కూడా ఇంటి గడప తొక్కలేదు. మందసము, సైన్యం గుడారాల్లో ఉంటే నేను ఇంట్లో సుఖపడనా అన్నాడు. మన కాలంలో 2021 ఏప్రిల్ 17న బ్రిటన్ రాణి ఎలిజబెత్ తన భర్త ఫిలిప్ అంత్యక్రియల్లో ఒంటరిగా ఒక పక్కన కూర్చుంది. 30 మందికి మించి లోపలికి రాలేదు. 73 ఏళ్లు కాపురం చేసిన భర్తను సాగనంపే గంటలో కూడా ఆమె తన కోసం ఒక మినహాయింపు అడగలేదు. ఆ ముందు రాత్రే ప్రధాని కార్యాలయంలో ఉద్యోగులు వీడ్కోలు విందులు చేసుకున్నారని తర్వాత బయటపడి, ఆ కార్యాలయం రాణిగారికి క్షమాపణ చెప్పుకోవలసి వచ్చింది. 20 మందితో తల్లిని సమాధి చేసిన తార్నాక ఇల్లాలికి ఆ రాణి ఫొటో ఎంత ఓదార్పో, ఆ విందుల వార్త ఎంత బాధో వేరే చెప్పాలా?

అయితే క్రైస్తవులుగా మనం నాయకులను నిందించడంతో ఆగిపోకూడదు. ఇకముందు ఎవరి మీద ఇలాంటి ఆరోపణ వచ్చినా, మన పార్టీయా, మన కులమా, మన విశ్వాసమా అని చూడకుండా మూడు ప్రశ్నలు వేసుకుందాం. ఆ అవసరం నిజమైనదేనా? అదే అవసరం ఉన్న కూలివాడికి, విద్యార్థికి అదే వెసులుబాటు దొరికిందా? నాయకుడు వెళ్లే ముందు చెప్పాడా, లేక పట్టుబడ్డాక చెప్పాడా? ఈ మూడింటికీ సరైన జవాబు ఉంటే, ఆయన ఎదుటి పార్టీవాడైనా సరే, అనవసరంగా రాయి వేయవద్దు. జవాబు లేకపోతే, మన సంఘంలో మొదటి వరుసలో కూర్చునే నాయకుడైనా సరే, గౌరవంగానే అడుగుదాం. నాతాను ప్రవక్త దావీదు రాజును అడిగాడు. దావీదు సాకులు వెతకకుండా పాపం ఒప్పుకున్నాడు. సౌలుకూ దావీదుకూ మధ్య ఉన్న తేడా ఇక్కడే కనబడుతుంది. ఇద్దరూ తప్పు చేశారు. దావీదు ఒప్పుకొని క్షమాపణ పొందాడు. సౌలు చీకట్లో బట్టలు మార్చుకొని ప్రయాణం చేశాడు. పట్టుబడ్డాక మళ్లీ మళ్లీ వివరణలు ఇచ్చే నాయకుల కంటే, తప్పు జరిగింది, క్షమించండి అన్న నాయకుడిని ప్రజలు త్వరగా క్షమిస్తారు. క్షమించాలి కూడా.

ఈ ప్రశ్నలు సంఘంలో పెద్దలకూ వర్తిస్తాయి. ఆరాధనకు సమయానికి రావాలని బోర్డు మీద రాయించే పెద్దలు ఎప్పుడు వస్తారు? పెళ్లిళ్లలో ఆడంబరం వద్దని తీర్మానం చేసిన కమిటీలో సభ్యుడి కూతురి పెళ్లి ఎలా జరుగుతుంది? పేద విశ్వాసి కొడుకు తప్పు చేస్తే సంఘ క్రమశిక్షణ, ధనవంతుడి కొడుకు చేస్తే ప్రార్థన అవసరత అయితే, మన పిల్లలు అది చూడటం లేదనుకుంటున్నారా? పిల్లలు వాక్యం కంటే ముందు పెద్దల అడుగులు చదువుతారు. క్యాంపస్‌లో చదువుకునే మన యువతీయువకులు మందిరానికి దూరమవుతున్నారని బాధపడే కాపరులు ఈ సంగతి కూడా ఆలోచించాలి.

మొదటి తిమోతి పత్రిక 2వ అధ్యాయంలో అధికారుల కోసం ప్రార్థించాలని పౌలు భక్తుడు చెప్పాడు. కరోనా కాలంలో మన సంఘాలు ఆ ప్రార్థన చేశాయి. ఇప్పటికీ ప్రతి ఆదివారం చేస్తున్నాయి. ఆ ప్రార్థనకు ఒక మాట చేర్చుకుందాం. మా మీద బరువు పెట్టేవారు ఆ బరువులో తమ వంతు మోసేలా చేయి ప్రభువా, మేము ఇంట్లో, సంఘంలో ఇతరుల మీద పెట్టే బరువును మొదట మేము మోసేలా చేయి ప్రభువా అని. ప్రార్థించి, ఓటు అడగడానికి వచ్చిన నాయకుడిని గుమ్మం దగ్గర ఒక్క ప్రశ్న అడుగుదాం. అయ్యా, మళ్లీ అలాంటి రోజు వస్తే, మా పిల్లలు రోడ్డు మీద ఆగిపోతే, మీ కారు ఎక్కడ ఉంటుంది?